గోరువెచ్చని నీళ్లు నిలకడగా రావాలంటే వాల్వ్ లోపల ఏం జరగాలి?

60 డిగ్రీల వేడినీళ్లు ఒక లీటరు, 20 డిగ్రీల చన్నీళ్లు ఒక లీటరు కలిపితే 40 డిగ్రీల నీళ్లు రెండు లీటర్లు వస్తాయి. వేడినీళ్లు పోగొట్టుకున్న వేడి, చన్నీళ్లు అందుకున్న వేడి సమానం. లెక్క అంతే. చలికాలంలో చన్నీళ్లు 10 డిగ్రీలకు దిగాయనుకుంటే, అదే 40 కోసం వేడినీళ్ల వాటా సగం నుంచి 60 శాతానికి పెరగాలి. బకెట్లో కలుపుకునేవాళ్లకు ఈ లెక్క చెయ్యే చెబుతుంది. ముంచి చూస్తారు, వేడి ఎక్కువైతే ఇంకాసిన్ని చన్నీళ్లు పోస్తారు, సరిపోయాకే ఒంటి మీద పోసుకుంటారు. పైపులో పారే నీళ్లకు ఆ సౌకర్యం లేదు. కలిసిన నీళ్లు కలిసినట్టే వచ్చి మీద పడతాయి. సరిదిద్దడానికి చేతిలో మిగిలేది ఆ వెనక రాబోయే నీళ్లు మాత్రమే.

ఆ రాబోయే నీళ్లను అదుపులో పెట్టడం మిక్సింగ్ వాల్వ్ పని. షోరూంలో వరసగా బిగించిన మిక్సర్లను చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తుంది. ఒక పక్క వేడినీళ్ల పైపు, ఇంకో పక్క చన్నీళ్ల పైపు, మధ్యలో హ్యాండిల్. లోపల మాత్రం ఒక్కో రకం ఒక్కో విషయాన్ని పట్టి ఉంచుతుంది. మామూలు మిక్సర్ పట్టి ఉంచేది నీళ్ల దారి వెడల్పును. ప్రెషర్ బ్యాలెన్సింగ్ వాల్వ్ రెండు వైపుల ఒత్తిడిని సమం చేస్తుంది. ఉష్ణోగ్రతను నేరుగా చూసేది థర్మోస్టాటిక్ వాల్వ్ ఒక్కటే, అదీ కొన్ని షరతులు కుదిరితేనే. కాబట్టి ఏ వాల్వ్ మంచిదని అడిగే ముందు, ఆ ఇంట్లో నీళ్లు అసలు దేనివల్ల మారుతున్నాయో చూడాలి.

మామూలు మిక్సర్ ఎక్కడ ఓడిపోతుంది

ఒకే హ్యాండిల్‌తో వేడి, చలువ రెండూ తిప్పుకునే కుళాయి ఆలోచన అమెరికన్ ఆల్ఫ్రెడ్ మోయెన్‌ది. 1937లో విద్యార్థిగా ఉన్నప్పుడు రెండు పిడుల కుళాయి దగ్గర చేతులు కాల్చుకున్న అనుభవంతో ఆయన ఈ పనికి పూనుకున్నాడు. కుళాయి అమ్మకానికి వచ్చింది 1947లో. ఇప్పటి సింగిల్ లివర్ మిక్సర్లలో ఎక్కువగా రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ రంధ్రాలను మూస్తూ తెరుస్తూ ఉంటాయి. హ్యాండిల్ వదిలేశాక ఆ రంధ్రాలు అలాగే ఉండిపోతాయి. తర్వాత పైపుల్లో ఏం మారినా వాటికి పట్టదు.

రంధ్రం మారకపోయినా అందులోంచి వచ్చే నీళ్లు మారతాయి. నీటి ప్రవాహం ఒత్తిడి తేడాకు వర్గమూలంగా నడుస్తుంది, అంటే తేడా సగమైతే ప్రవాహం సగం కాదు, దాదాపు 71 శాతానికి తగ్గుతుంది. చెరి సగంగా కలుస్తున్న 60, 20 డిగ్రీల నీళ్లలో చన్నీళ్లు అలా తగ్గితే మిశ్రమం 40 నుంచి 43.4 డిగ్రీలకు చేరుతుంది. మూడు డిగ్రీలే కదా అనిపించొచ్చు. కానీ చర్మానికి వేడి నొప్పిగా మారే హద్దు 43, 45 డిగ్రీల మధ్యే ఉంటుంది. స్నానానికి హాయిగా ఉండే నీళ్లకూ, ఉలిక్కిపడి వెనక్కి గెంతించే నీళ్లకూ మధ్య ఉన్న జాగా అంత ఇరుకు. తడి నేల మీద ఆ గెంతు కూడా ప్రమాదమే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం షవర్ హెడ్. ఒత్తిడి తేడా అంటే పైపులో ఒత్తిడికీ, వాల్వ్ లోపల రెండు నీళ్లూ కలిసే గదిలో ఒత్తిడికీ మధ్య తేడా. షవర్ హెడ్ రంధ్రాలు సన్నగా ఉంటే నీళ్లు త్వరగా బయటపడలేక ఆ గదిలో ఒత్తిడి పేరుకుంటుంది. రెండు పైపుల్లోనూ ఒత్తిడి 2 బార్ (బార్ అనేది ఒత్తిడి కొలత) ఉందనుకుందాం, గదిలో 1.5 బార్. నీళ్లను లోపలికి నెడుతున్నది మిగిలిన అర బార్ మాత్రమే. ఇంట్లో ఇంకో చోట ఎవరో కుళాయి తిప్పారు, చన్నీళ్ల ఒత్తిడి 1.75 బార్‌కు పడింది. గదిలో ఒత్తిడి కూడా కొంచెం తగ్గి 1.4 దగ్గర ఆగుతుంది. లెక్క కడితే మిశ్రమం సుమారు 42.7 డిగ్రీలు. అదే వాల్వ్ కింద షవర్ హెడ్ లేకుండా నీళ్లు ధారాళంగా బయటికి పోతుంటే, అంతే ఒత్తిడి తగ్గినా మిశ్రమం 40.7 దాటదు. పైపులో వచ్చిన మార్పు రెండు చోట్లా ఒకటే, ఒంటికి తెలిసేది మాత్రం నాలుగింతలు. నీళ్లు ఆదా చేసే షవర్ హెడ్ బిగించాక "ఇదివరకు ఇలా కాలేది కాదు" అని ఎవరైనా అంటే అది భ్రమ కాదు.

ఇదే ఉదాహరణను కొనసాగిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. చన్నీళ్ల ఒత్తిడి సున్నాకు పడక్కర్లేదు, సుమారు 0.86 బార్ కన్నా తగ్గితే చాలు. అప్పుడు కలిసే గదిలోని ఒత్తిడే దానికంటే ఎక్కువ. వేడినీళ్లు షవర్లోకి వెళ్లడమే కాకుండా చన్నీళ్ల పైపులోకీ ఎదురెక్కుతాయి. చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడినీళ్లు వచ్చే వింతకు తరచుగా కారణం ఇదే. రెండు వైపులా నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఎదురెక్కడం ఆగుతుంది, కానీ షవర్లోంచి వచ్చేవి మాత్రం అప్పటికి పూర్తిగా వేడినీళ్లే.

మనిషి ఉన్నాడు కదా, హ్యాండిల్ తిప్పుకుంటాడు అనొచ్చు. మనిషికి ఉన్న ఇబ్బంది ఆలస్యం. వాల్వ్ నుంచి షవర్ హెడ్ దాకా పైపులో ఉన్న పాత నీళ్లు ముందు బయటికి రావాలి. ఆ లోపు తిప్పింది చాల్లేదనుకుని ఇంకా తిప్పుతాడు. కాసేపటికి మరీ చల్లగా వస్తాయి, మళ్లీ ఇటు తిప్పుతాడు. పైపు ఎంత పొడవైతే ఈ ఊగిసలాట అంత ఎక్కువ.

ఒత్తిడిని సమం చేసే వాల్వ్

ప్రెషర్ బ్యాలెన్సింగ్ వాల్వ్ ఈ గొడవలో ఒత్తిడి భాగాన్ని తీసేస్తుంది. లోపల ఒక చిన్న పిస్టన్ వదులుగా జారుతూ ఉంటుంది. దానికి ఒక కొసన వేడినీళ్ల ఒత్తిడి, రెండో కొసన చన్నీళ్ల ఒత్తిడి. చన్నీళ్లు తగ్గాయంటే పిస్టన్ అటువైపు జరుగుతుంది, జరుగుతూనే వేడినీళ్ల దారిని ఇరుకు చేస్తుంది. రెండు వైపుల ఒత్తిడి మళ్లీ సమమయ్యే చోట ఆగుతుంది. కొన్ని రకాల్లో పిస్టన్ బదులు డయాఫ్రం అనే పల్చటి పొర ఉంటుంది, సూత్రం ఒకటే. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది, ఎందుకంటే దేనికీ వేడెక్కే దాకా ఆగే పని లేదు. చన్నీళ్లు పూర్తిగా ఆగిపోతే వేడినీళ్లు కూడా సన్నని ధారగా మారిపోతాయి. స్నానం ఆగుతుంది, ఒళ్లు కాలదు.

అయితే దీనికి ఉష్ణోగ్రత గురించి ఏమీ తెలియదు. గీజర్ ట్యాంకులో వేడినీళ్లు అయిపోవస్తూ 60 నుంచి 50కి దిగితే, చెరి సగం మిశ్రమం 35కి పడిపోతుంది. రెండు వైపులా ఒత్తిడి సమంగానే ఉంది కాబట్టి వాల్వ్ దృష్టిలో ఏ లోపమూ లేదు. ఎండాకాలం చన్నీళ్లు వెచ్చబడినా అంతే. హ్యాండిల్ ఇంతకు మించి తిరక్కుండా లోపల పెట్టే అడ్డును బిగించినప్పుడు ఒకసారి సరిచూసి వదిలేస్తారు. చలికాలంలో సరిపోయిన అడ్డు ఎండలు ముదిరాక ఎక్కువ వేడిని వదలొచ్చు.

దీన్ని పరీక్షించే పద్ధతి సులువు. ఈ వాల్వ్ లోపల పనిచేసే భాగాలన్నీ ఉండే కార్ట్రిడ్జ్ అనే విడి ముక్కను బయటికి తీసి ఊపితే లోపల పిస్టన్ కదిలే చప్పుడు రావాలి. రాలేదంటే సున్నం పేరుకుని అది బిగుసుకుపోయింది. అప్పుడది ప్రెషర్ బ్యాలెన్సింగ్ వాల్వ్ కాదు, మామూలు మిక్సరే.

మైనం చేసే పని

ఉష్ణోగ్రతనే చూసే వాల్వ్ గుండెలో ఉండేది చాలా వరకు ఒక చిటికెడు మైనం. సెర్జియస్ వెర్నే 1930లలో రూపొందించిన ఈ ఏర్పాటే కారు ఇంజన్ థర్మోస్టాట్లోనూ ఉంటుంది. ఒక చిన్న లోహపు గొట్టంలో మైనం నింపి, రబ్బరుతో మూసి, దాని మీద ఒక పిన్ను పెడతారు. మైనం వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు కాబట్టి అందులో రాగి పొడి కలుపుతారు. మామూలు ద్రవాలు వేడికి కొద్దిగానే వ్యాకోచిస్తాయి. మైనం మాత్రం కరిగేటప్పుడు పది శాతానికి పైగా ఉబ్బుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర కరగడం మొదలవ్వాలి, ఎక్కడ పూర్తవ్వాలి అన్నది మైనం రకాలను కలిపి నిర్ణయిస్తారు. స్నానం నీళ్లకు పనికొచ్చే హద్దుల మధ్య అది కొంత గట్టిగా, కొంత ద్రవంగా ఉంటుంది.

ఈ గొట్టాన్ని కలిసిన నీళ్లు పారే దారిలోనే పెడతారు. నీళ్లు వేడెక్కితే మైనం ఉబ్బి పిన్నును తోస్తుంది. పిన్ను అటూ ఇటూ జారే ఒక ముక్కను, అంటే షటిల్‌ను జరుపుతుంది. ఆ షటిల్ వేడినీళ్ల దారిని ఎంత మూస్తే చన్నీళ్ల దారిని అంత తెరుస్తుంది. నీళ్లు చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, వెనక ఉన్న స్ప్రింగ్ షటిల్‌ను తిరిగి వేడి వైపు తెరుస్తుంది. బయట తిప్పే నాబ్ ఈ ఏర్పాటునంతా ముందుకో వెనక్కో జరుపుతుంది తప్ప నేరుగా నీళ్లను తాకదు. షటిల్ మొత్తం కదిలేది చాలా కొద్ది దూరం. అందుకే సన్నటి ఇసుక రేణువు ఇరుక్కున్నా దీని లెక్క తప్పుతుంది.

ఒత్తిడి తగ్గినా, వేడినీళ్ల ఉష్ణోగ్రత మారినా, చన్నీళ్లు రుతువుతో మారినా మైనానికి అన్నీ ఒకటే. దానికి తెలిసేది ఫలితం. ఈ కోణంలో చూస్తే ఇదే సరైన పరిష్కారం. కానీ "38 మీద పెడితే 38 వస్తుంది" అనే ప్రచారాన్ని కొంచెం పరిశీలించాలి.

వేడినీళ్లు 60 నుంచి 70కి పెరిగాయనుకుందాం. 40 డిగ్రీల మిశ్రమానికి వేడి వాటా 50 నుంచి 40 శాతానికి తగ్గాలి, అంటే షటిల్ కొత్త చోటికి జరిగి అక్కడే నిలబడాలి. దాన్ని అక్కడ నిలబెట్టేది మరికాస్త ఉబ్బిన మైనం. మైనం మరికాస్త ఉబ్బి ఉండాలంటే దాని చుట్టూ పారే నీళ్లు మరికాస్త వేడిగా ఉండాలి. కాబట్టి నీళ్లు సరిగ్గా 40 దగ్గరికి తిరిగి రావు, కొంచెం పైన స్థిరపడతాయి. ఇది తయారీలో లోపం కాదు, ఈ రకం నియంత్రణ స్వభావమే అంత. బ్రిటన్‌లో ఆసుపత్రుల వాల్వులకు పెట్టిన నిర్దేశాల్లో కూడా రెండు డిగ్రీలు అటూ ఇటూ ఒప్పుకుంటారు.

రెండో పరిమితి వేగం. నీళ్ల వేడి లోహంలోంచి మైనంలోకి వెళ్లి, అది కరిగి కదలడానికి కొద్ది సెకన్లు పడుతుంది. ఒత్తిడి ఉన్నట్టుండి పడితే ఆ కొద్దిసేపూ వేడి చురుక్కుమంటుంది. అందుకే కొన్ని ఖరీదైన వాల్వుల్లో ముందు పిస్టన్, దాని తర్వాత మైనం, రెండూ పెడతారు. పిస్టన్ కుదుపును ఆపుతుంది, మైనం నింపాదిగా ఉష్ణోగ్రతను సరిచేస్తుంది. మైనం బదులు నికెల్, టైటానియం మిశ్రమంతో చేసిన స్ప్రింగ్ వాడేవీ ఉన్నాయి. అది వేడికి తన బిగువు మార్చుకుంటుంది, నీళ్లలోనే ఉంటుంది కాబట్టి త్వరగా స్పందిస్తుంది. సెన్సరు, మోటారు పెట్టిన ఎలక్ట్రానిక్ వాల్వులు ఈ మిగిలిపోయే తేడాను కూడా తుడిచేయగలవు, కరెంటు పోతే ఏం చేస్తాయన్నదే వాటిని అడగాల్సిన ప్రశ్న.

గీజర్ తగ్గిస్తే భద్రత పెరుగుతుందా?

కాలుతుందన్న భయంతో గీజర్‌ను 45 మీద పెట్టి, దానికి తోడు థర్మోస్టాటిక్ వాల్వ్ బిగించుకుంటే రెట్టింపు భద్రత అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ ఒకటి రెండోదాన్ని బలహీనపరుస్తుంది. చన్నీళ్లు ఆగిపోయినప్పుడు వాల్వ్ వేడినీళ్ల దారిని పూర్తిగా మూయాలంటే మైనం అందుకు సరిపడా ఉబ్బాలి. 40 మీద పెట్టిన వాల్వులోకి 60 డిగ్రీల నీళ్లు దూసుకొస్తే మైనం గట్టిగా ఉబ్బి దారి మూసేస్తుంది. 45 డిగ్రీల నీళ్లే వస్తే ఆ ఐదు డిగ్రీల తేడా షటిల్‌ను చివరిదాకా తోయడానికి చాలకపోవచ్చు. అందుకే తయారీదారులు సాధారణంగా వేడినీళ్లకూ మిశ్రమానికీ మధ్య పది డిగ్రీలో, ఇంకొంచెమో తేడా ఉండాలని అడుగుతారు.

ట్యాంకులో నీళ్లను గోరువెచ్చగా నిల్వ ఉంచడానికి ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లు వింత న్యుమోనియాతో పడిపోయారు, చాలామంది చనిపోయారు. మరుసటి ఏడాది దాని వెనక ఉన్న బాక్టీరియాను గుర్తించారు, దాని పేరు లెజియొనెల్లా. ఇది 20 నుంచి 45 డిగ్రీల నీళ్లలో వృద్ధి చెందుతుంది, 60 దగ్గర బతకలేదు. నీటి తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. షవర్ అంటేనే తుంపర.

కానీ 60 డిగ్రీల నీళ్లు చర్మాన్ని ఏం చేస్తాయో 1947లోనే మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు లెక్క తేల్చారు. 44 డిగ్రీల దగ్గర చర్మం దెబ్బతినడానికి సుమారు ఆరు గంటలు పడితే, 60 దగ్గర ఐదు సెకన్లు చాలు. పిల్లల చర్మం, వృద్ధుల చర్మం పల్చన కాబట్టి వాళ్లకు ఇంకా తక్కువ. ట్యాంకులో 60 ఉండాలి, షవర్‌లో చర్మం మీద పడేవి 41 దాటకూడదు. ఈ రెండింటినీ ఒకే ఇంట్లో కుదిర్చే పరికరం కాబట్టే మిక్సింగ్ వాల్వ్ సౌకర్యాల జాబితాలోంచి భద్రతా పరికరాల జాబితాలోకి మారింది. బ్రిటన్‌లో ఆరోగ్య కేంద్రాలకు బాత్‌టబ్బులో 44, షవర్‌లోనూ వాష్‌బేసిన్‌లోనూ 41 డిగ్రీలు గరిష్ఠ హద్దులు. వాల్వ్ దాటిన తర్వాత పైపులో నిలిచేవి మళ్లీ గోరువెచ్చని నీళ్లే కాబట్టి, దాన్ని కుళాయికి వీలైనంత దగ్గరగా బిగించాలంటారు.

అప్పటికప్పుడు కాచే గీజర్‌తో పేచీ

నిల్వ ట్యాంకు లేని, గ్యాస్ మంటతో కాచే ఇన్‌స్టంట్ గీజర్ ఉన్నచోట కథ వేరు. ఇది కొంత కనీస ప్రవాహం ఉంటేనే వెలుగుతుంది, నిమిషానికి 2.5 లీటర్లు అనుకుందాం. ఎండాకాలంలో చన్నీళ్లే 30 డిగ్రీలు, గీజర్ 65 మీద ఉంది, షవర్ నిమిషానికి 8 లీటర్లు, కావలసింది 38. వేడినీళ్ల వాటా 23 శాతం, అంటే 1.8 లీటర్లు. గీజర్ ఆరిపోతుంది. చల్లబడిన నీళ్లు చూసి వాల్వ్ వేడి దారిని తెరుస్తుంది, ప్రవాహం పెరుగుతుంది, గీజర్ వెలుగుతుంది, వేడినీళ్లు వచ్చి తగలగానే వాల్వ్ మళ్లీ దారి మూస్తుంది. గీజర్ మళ్లీ ఆరిపోతుంది. వాల్వ్, గీజర్ రెండూ తమ తమ పని సక్రమంగానే చేస్తుంటాయి, స్నానం చేసేవాళ్లకు మాత్రం ఒక నిమిషం వేడి, ఒక నిమిషం చలి. రిపేరుకు వచ్చినవాళ్లు ఒకసారి గీజర్ మారుస్తారు, ఇంకోసారి వాల్వ్ మారుస్తారు, జబ్బు అలాగే ఉంటుంది.

గీజర్‌ను 50కి తగ్గిస్తే వేడి వాటా 40 శాతమవుతుంది, ప్రవాహం 3.2 లీటర్లకు పెరుగుతుంది, మంట నిలబడుతుంది. మిశ్రమంతో 12 డిగ్రీల తేడా కూడా మిగులుతుంది. ఇంకా తగ్గించి 45 చేస్తే ప్రవాహం 4.3 లీటర్లు, మంట మరింత నిలకడ, కానీ తేడా ఏడు డిగ్రీలకు పడిపోయి వాల్వ్ మూసుకునే శక్తి సన్నగిల్లుతుంది. నీళ్లు నిల్వ ఉండవు కాబట్టి ట్యాంకుకు వర్తించే 60 డిగ్రీల పట్టుదల ఇక్కడ అంతగా అక్కర్లేదు. సోలార్ హీటర్‌ది దీనికి తిరగబడిన సమస్య. మబ్బు రోజున గోరువెచ్చగా, ఎండ రోజున మరిగే దగ్గరికి వచ్చే నీళ్లకు ప్రెషర్ బ్యాలెన్సింగ్ వాల్వ్ ఎందుకూ పనికిరాదు, ఉష్ణోగ్రతను చూసే వాల్వ్ తప్పనిసరి.

థర్మోస్టాటిక్ వాల్వ్ ఎలా చెడిపోతుందో తెలుసుకోవడం కూడా అవసరమే. గొట్టంలోంచి మైనం కారిపోతే నెట్టేవాళ్లు ఉండరు, స్ప్రింగ్ ఒక్కటే మిగులుతుంది. స్ప్రింగ్ తోసేది వేడి వైపు తెరవడానికి. అంటే ఈ వాల్వ్ చెడిపోతే చల్లటి వైపే చెడిపోతుందన్న హామీ లేదు. సున్నం పేరుకుని షటిల్ బిగుసుకుంటే రోజువారీ వాడకంలో తేడా తెలియకపోవచ్చు, ఒత్తిడి పడిన రోజే బయటపడుతుంది. అందుకే ఆసుపత్రుల్లో వీటిని ఏడాదికి ఒకసారైనా పరీక్షిస్తారు. ముందు థర్మామీటరుతో మిశ్రమం చూస్తారు, తర్వాత షవర్ నడుస్తుండగానే చన్నీళ్ల వాల్వ్ కట్టేస్తారు. నీళ్లు కొద్ది సెకన్లలో ఆగిపోవాలి, లేదా బొట్టు బొట్టుగా మారాలి. వేడినీళ్లు వస్తూనే ఉంటే నాబ్ తిప్పి ఉష్ణోగ్రత సరిచేసి ఊరుకోకూడదు. ముందు నీళ్లు వాల్వులోకి వచ్చే చోట ఉండే జల్లెడలు కడిగి, సున్నం తీసి మళ్లీ చూడాలి. అప్పటికీ ఆగకపోతే కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే.